వరదమ్మ మొక్కు

అత్తగారి కాసులపేరు, వడ్డాణం, వంకీల జత స్వామి హుండీలో పడకుండా చూడాలని పంకజాక్షి తీర్మానించుకుంది. దాన్ని దొంగతనమని ఆమె అనుకోలేదు. ఇంటి సొత్తు ఇంట్లో ఉంచుకోవడం, అంతే.

ఇదంతా చిత్తూరు వకీలు సుబ్రమణ్యం గదిలో మొదలైంది. బెల్లం మండీ నడిపే భర్త ధనంజయను వెంటబెట్టుకుని పోయి, అత్త వరదమ్మ తర్వాత నగలు ఎవరికి వస్తాయని అడిగింది. వీలునామా రాయకుండా పోతే కొడుక్కీ, కూతురు భారతమ్మకీ చెరి సగమని వకీలు చెప్పాడు. బతికుండగా తన చేత్తో తీసి ఇస్తే మాత్రం ఎవరికిస్తే వాళ్లవే, దానికి కాగితం కూడా అక్కర్లేదన్నాడు.

"ముందు ఆయమ్మ మనసులో ఏముండాదో అడగండమ్మా" అన్నాడు చివర్లో.

ఫీజు పుచ్చుకుని ఇంత మామూలు మాట చెబుతాడా అని పంకజాక్షికి ఒళ్లు మండింది. ఆ ఒక్క మాటా అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది.

వారం తిరక్కుండానే వరదమ్మ, కొండకు నిలువు దోపిడీ మొక్కు ఉందనీ, తీర్చుకోవాలనీ అంది. ఒంటి మీది నగలన్నీ ఉన్నపళంగా ఒలిచి హుండీలో వేసే మొక్కు అది. అంతటితో ఆగక, మొగుడు పోయినప్పటి నుంచీ పెట్టెలోనే ఉన్న నగలు బయటికి తీసింది.

"ఈ వయసులో నగలేసుకోని కొండకు పోయేది యాడన్నా ఉండాదా? సామికి ఒలిచి ఇచ్చేదానికే" అని పంకజాక్షి మొగుడి చెవిలో పోరింది. అమ్మ సొత్తు అమ్మ ఇష్టమని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

పోయినేడు పంకజాక్షికి టైఫాయిడ్ ముదిరి డాక్టర్లు పెదవి విరిస్తే, పక్కన కూర్చుని పసిపిల్లలా సాకింది వరదమ్మే. ఆ సంగతి పంకజాక్షి కాదనదు. కానీ సేవ వేరు, బంగారం వేరు.

నగలు కుంకుడు రసంతో కడిగి పెడతానని తీసుకుని, తెలిసిన కంసాలి ఆచారికి చూపించి, అచ్చం అలాంటివే రాగి మీద పూత పూసిన కవరింగువి చేయించింది.

కొండ మీద పని ఇంకా తేలికైంది. తలనీలాలివ్వడానికి పోతూ వరదమ్మ నగల మూట కోడలి చేతికే ఇచ్చింది. నువ్వుండగా నాకేం భయమని కూడా అంది. గుండుతో తిరిగొచ్చి ఆమె వేసుకున్నవి కవరింగువి.

మరి అసలువి? సత్రం గది తాళం మీద పంకజాక్షికి నమ్మకం లేదు, మొగుడి మీద అంతకన్నా లేదు. కాసులపేరు రవిక లోపల, వడ్డాణం చీర కింద, వంకీలు పొడుగు చేతుల చాటున పెట్టుకుంది. క్యూలో వడ్డాణం కొక్కెం గుచ్చుకున్నప్పుడల్లా గోవిందా అని గట్టిగా అరిచింది. ఆమె భక్తి చూసి ముందున్నవాళ్లు కాస్త జరిగారు.

స్వామికి రాగి వేయించడం తప్పేమోనని ఒకసారి అనిపించింది. మొక్కు అత్తది, వేసే చెయ్యి అత్తది, పాపమొస్తే అదీ అత్తకేనని సర్దుకుంది.

హుండీ దగ్గర వరదమ్మ ఆగి కోడలి భుజం మీద చెయ్యి వేసింది.

"నీకు జొరం ముదిరినప్పుడు మొక్కినానమ్మా. నా కోడలు లేచి తిరిగితే, దాని ఒంటి మీదివి దాని చేతనే ఒలిపిస్తా సామీ అని. ముందే చెప్తే ఇంట్లో తీసిపెట్టి వస్తావని చెప్పలా. తాళి తప్ప అన్నీ వెయ్యి."

పంకజాక్షి కమ్మలు, గొలుసు, గాజులు తీసి వేసింది. అక్కడ చెయ్యి ఆగింది. మిగతావి ఎవరికీ కనపడవు. కానీ ఇది అత్త మొక్కు కాదు, తన ప్రాణానికి కట్టిన మొక్కు. వడ్డీతో సహా వసూలు చేసే దేవుడి ముందు దాచుకుని పోతే, మళ్లీ ఆ జ్వరం రాదని ఎవరు చెప్పగలరు?

అత్త కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటుండగా, కొంగు చాటున ఒక్కొక్కటే విప్పి హుండీలోకి జార్చింది. కాసులపేరు పడిన చప్పుడుకు బావురుమంది. భార్య భక్తి చూసి ధనంజయ కూడా కళ్లు తుడుచుకున్నాడు.

గుడి బయటికొచ్చాక వరదమ్మ కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది. తన మెడలోని కాసులపేరు తీసి ఆమె మెడలో వేసింది. వంకీలు తొడిగి, వడ్డాణం ఒళ్లో పెట్టింది.

"భారతమ్మకు ఇయ్యాల్సింది దాని పెండ్లప్పుడే ఇచ్చినా. మొక్కు తీర్చిన కోడల్ని బోసి మెడతో ఇంటికి తోడుకోని పోతానా? నీకిచ్చేదానికే గదమ్మా, ముసిల్దాన్ని సిగ్గిడిసి ఇయ్యన్నీ ఏసుకోని కొండెక్కినాను."