తగ్గని చార్జింగ్

చిన్నల్లుడు కొత్త ఎలక్ట్రిక్ కారులో దిగితే అత్తింటివాళ్ళంతా దాని చుట్టూ మూగారు. పెద్దల్లుడికి ఆనాటి నుంచి కడుపు రగిలిపోతూనే ఉంది. చివరికి ఒక సాయంత్రం పాత ఎలక్ట్రిక్ కారొకటి బేరానికి ఉందని వెళ్ళాడు. అమ్మేది భర్త పోయిన ఒక పెద్దావిడ.

బ్యాటరీ కండిషన్ చెప్పే పరికరం తగిలించి చూస్తే నూటికి నూరు చూపించింది. ఏళ్ళు తిరిగిన బండికి అది జరగని పని.

“బ్యాటరీ మార్పించారా అండీ?”

“లేదు బాబూ. అసలు చార్జింగే పెట్టం. నడిపేకొద్దీ అదే నిండుతుంది.” ఆమె తాళాలు అందించింది. “మావారే చివర్లో బాగా నీరసపడిపోయారు.”

అతను నవ్వుకుని, నడిపి చూద్దామని బండి తీశాడు. వీధి మలుపు తిరిగేసరికి చీకటి పడింది. ఇంజను చప్పుడు లేదు, తన ఊపిరే తనకు వినిపిస్తోంది. మీటర్లో అరవై శాతం దగ్గరున్న చార్జింగ్ డెబ్బైకి చేరింది. వేళ్ళు చల్లబడ్డాయి. మోకాళ్ళలోని సత్తువను ఎవరో తోడేస్తున్నట్టుంది.

దిగిపోదామనుకున్నాడు. అంతలో తోడల్లుడు గుర్తొచ్చాడు. దారిలో చార్జింగ్ కోసం గంటలకొద్దీ కాచుకునే అతను ఈ బండిని చూస్తే ముఖం ఎలా మాడిపోతుందో కళ్ళకు కట్టింది.

“ఇంకొక్క రౌండు” అనుకుని, వణుకుతున్న చేతులతో స్టీరింగ్ తిప్పాడు.