గీతలు పడిన ఫిష్ ఫైండర్

"ఆ పాతదే కట్టివ్వు," అన్నాడు బుడే.

కొట్టు యజమాని అష్రఫ్ ఆ మాట విననట్టే, నీళ్లలో చేపల జాడ చూపే కొత్త ఫిష్ ఫైండర్‌ను బల్ల మీద ఇంకాస్త ముందుకు జరిపాడు.

"ఇది చూడన్నా. రంగుల తెర. అడుగున రాయుందో బురదుందో కూడా చెప్పుద్ది. జీపీయస్ ఉంది. ఎంత మంచు పట్టినా నిన్ను తిన్నగా వాడరేవు చేర్చుద్ది. ఏడాది గ్యారంటీ."

"పాతదాంట్లో జీపీయస్ లేదా?"

"ఉందనుకో..."

"చేపల్ని చూపించదా?"

"చూపిస్తది గానీ, ఏళ్ల తరబడి ఉప్పునీళ్లు తాగిన మిషనన్నా అది. అద్దం చూడు, పిల్లి గీరినట్టు ఎట్టా ఉందో. దానికి నేను గ్యారంటీ ఇవ్వను."

"నిన్నెవరడిగారు గ్యారంటీ?"

పక్కనే నిలబడ్డ ఖాదర్‌బీకి ఒళ్లు మండింది. వేటపాలెం జీడిపప్పు ఫ్యాక్టరీలో రెండేళ్లు గింజలు కొట్టి, వేళ్లు నల్లగా కమిలిపోయేదాకా ఆమె కూడబెట్టిన డబ్బది. సునామీ తర్వాత దక్కిన చిన్న ఫైబర్ పడవ తప్ప వాళ్లకు వేరే ఆధారం లేదు. ఆ పడవకు మంచి మిషను పడితే సరే. లేకపోతే దాన్ని అమ్ముకుని మొగుడూ పెళ్లాలిద్దరూ జీడిగింజల ముందు కూర్చోవాల్సిందే.

"ఏమయ్యా, మతుండే మాట్లాడుతున్నావా? కొత్తదానికి సరిపడా చేతిలో పెడితే, ఇంకోడు వాడి పారేసిందాని మీద మోజేంది నీకు?"

"సముద్రం మీదికి పోయేది నువ్వా, నేనా?"

"డబ్బు నాది!"

"ప్రాణం నాది," అన్నాడు బుడే. "నచ్చకపోతే నీ డబ్బు నువ్వు పట్టుకుపో. నేను మాత్రం ఈ డబ్బా లేకుండా ఇక్కణ్ణించి కదల్ను."

ఆ "ఇంకోడు" కొట్లోనే ఫ్యాను కింద కూర్చుని కూల్‌డ్రింక్ తాగుతున్నాడు. అమానుల్లా. పెద్ద మరబోటు ఆసామి. ఒక్కనాడైనా సముద్రం మీదికి వెళ్లినవాడు కాదు. ఒడ్డున కుర్చీ వేయించుకుని, వచ్చిన చేపకు లెక్క చూసుకోవడమే అతనికి తెలిసిన వేట. ఇప్పుడే పాత మిషను అష్రఫ్‌కు అంటగట్టి, కొట్లోకెల్లా ఖరీదైనది కట్టించుకుంటున్నాడు. పోయిన ఏడాది దాకా అతని బోటు నడిపిన సరంగు బుడేనే.

"కొనుక్కోనీవమ్మా," అన్నాడు అమానుల్లా నవ్వుతూ. "కొత్త బటన్లు నేర్చుకోవాలంటే వాడి వల్లయ్యే పనేనా? మూడో తరగతిలోనే బడి ఎగ్గొట్టినోడు."

బుడే అతని వైపు తిరిగాడు. "నన్ను తీసేసిన రోజు, ఇక నుంచి ఈ మిషనే మాకు సరంగు అన్నారు గదండీ."

"అన్నా. ఇప్పుడూ అంటా. చేప ఎక్కడుందో మిషనే చూపిస్తుంటే చక్రం ఎవడు తిప్పితే ఏంటంట? మా బామ్మర్ది తిప్పట్లా? నీకు వాటా ఇచ్చి మేపడం దేనికి? పాతదే అంత చూపిస్తే, ఈ కొత్తది ఇంకెంత చూపిస్తుందో! తీసుకోరా తీసుకో. నా ఎంగిలన్నా నీకు అచ్చొస్తుందేమో."

కొట్లో ఉన్నవాళ్లు నవ్వారు. ఖాదర్‌బీ తల దించుకుంది. బుడే దించలేదు.

"బ్యాటరీ తగిలించు," అన్నాడు అష్రఫ్‌తో.

తెర వెలిగింది. బుడే రెండు బటన్లు నొక్కాడు. ఒక్క క్షణం చూసి ఆపేశాడు.

"కట్టు."

"ఇంకోసారి ఆలోచించన్నా."

"కట్టమంటే కట్టు. చెడిపోయిందని మళ్లీ నీ గడప తొక్కితే చెప్పుచ్చుకుని కొట్టు."

తిరుగుదారిలో ఖాదర్‌బీ చీరాల నుంచి వాడరేవు దాకా బస్సులో కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

వారం తిరిగింది. బుడే చిన్న పడవ గట్టు కనపడనంత దూరం పోయి, రోజూ వంజరం, చందువ చేపలతో అంచుల దాకా మునిగి వస్తోంది. అమానుల్లా మరబోటు డీజిలంతా తగలేసి, తీసుకెళ్లిన ఐసు తీసుకెళ్లినట్టే వెనక్కి తెస్తోంది.

ఎనిమిదో రోజు అమానుల్లా కుర్చీ దిగాడు. మోకాలి లోతు నీళ్లలోకి వచ్చి బుడే పడవ అంచు పట్టుకున్నాడు.

"ఒరేయ్ బుడే, ఆ అష్రఫ్‌గాడు నన్ను నిలువునా ముంచాడ్రా! కొత్తదాంట్లో చుక్కలు రావట్లేదు."

"ఏం చుక్కలండీ?"

"అదేరా, పాతదాంట్లో నల్లచుక్కలు వచ్చేవిగా! మా బామ్మర్ది ఆ చుక్క మీదికి తోలి వలేస్తే చేపే చేప. దీంట్లో చూస్తే ఒట్టి నీళ్లు. మూడుసార్లు కొట్టుకు తిరిగా. మిషను బ్రహ్మాండంగా ఉందంటాడు వాడు. పైన శాటిలైటు పంపడం మానేసిందంటావా? నీకొస్తున్నాయా?"

"వస్తున్నాయండి. యాభై మూడు."

"నాకు రానివి నీకెట్టా వస్తాయిరా?" అమానుల్లా పడవ అంచును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "సరే, నా కొత్తది నువ్వు తీసుకో. పాతది నాకిచ్చెయ్. పైన ఎంత కావాలో నువ్వే చెప్పు."

చేపల గంప ఎత్తబోతున్న ఖాదర్‌బీ అట్లాగే ఆగి మొగుడి మొహంలోకి చూసింది. బుడే అమానుల్లా చేతిని పడవ అంచు మీద నుంచి మెల్లగా తీసేశాడు.

"శాటిలైటు చుక్కలు పెట్టదండీ అమానుల్లా గారూ. మీ బోటు మీద ఉన్న ఆరేళ్లూ, చేప పడ్డ చోటల్లా బటను నొక్కి, ఈ పాత మిషన్లో ఒక్కొక్క చుక్కా పెట్టుకుంటూ వచ్చింది నేను."