బుధవారం దుబాసి

"ఏమంటున్నదే బిడ్డా మేడం?" అని అడిగింది సారక్క.

"రాత్రి నిద్ర పడుతున్నదా అని అడుగుతున్నది పెద్దమ్మా," అంది జ్యోతిలక్ష్మి.

"యాడి నిద్ర! మా ముసలోని గురకకు ఇల్లెగిరిపోతది. ఇంట్ల పదిమందిమి. మళ్ల మేకలు, కోళ్లు. జర కన్ను మూద్దామంటె జాగ లేదు."

జ్యోతిలక్ష్మి ప్రణాలి మేడం వైపు తిరిగింది. "నిద్ర పట్టడం లేదట," అని మరాఠీలో చెప్పింది. అక్కడితో ఆగితే బాగుండేది. "ఆయన పోయాక ఇంట్లో చప్పుడే లేకుండా పోయిందట," అని కూడా అనేసింది.

ఎక్కణ్నుంచి ఊడిపడిందో ఆ మాట! సారక్క మొగుడు వాళ్ల ఊరు విసాపూర్‌లో నిక్షేపంగా బీడీ కాల్చుకుంటున్నాడు. పోయింది జ్యోతిలక్ష్మి భర్త.

మేడం పెన్ను కింద పెట్టింది. "ఎలాంటి మనిషి ఆయన?" అని మెల్లగా అడిగింది. తన భర్త పోయినప్పుడు గనివాళ్ల క్వార్టరు ఎప్పుడు ఖాళీ చేస్తావని అడిగారు, బతికేదెలా అని అడిగారు. ఈ మాట మాత్రం జ్యోతిలక్ష్మిని ఎవరూ అడగలేదు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

అది చంద్రపూర్‌లో ఒక ఆసుపత్రి ట్రస్టు నడిపే కేంద్రం. దాతలు ఎక్స్‌రే మిషన్‌కు ఇస్తారు, మంచాలకు ఇస్తారు, ఫ్యాను రెక్కల మీద కూడా పేర్లు రాయించుకుంటారు. మనుషుల మనసు బాగుచేయడానికి ఇమ్మంటే మాత్రం పేరెక్కడ రాస్తారా అని అటూ ఇటూ చూస్తారు. అయినా ట్రస్టువాళ్లు ఎలాగో కొంత పోగుచేసి అదే ఊరి బాబుపేట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. ప్రతి బుధవారం మనసు డాక్టరు ప్రణాలిని అక్కడ కూర్చోబెట్టారు. బొగ్గు గనుల తెలుగువాళ్లూ ఊళ్ల తెలుగువాళ్లూ వస్తారు కదా అని ఒక దుబాసిని కూడా పెట్టారు. ఆ దుబాసే జ్యోతిలక్ష్మి.

తన బాధ తనే చెప్పుకోవచ్చు కదా అంటారేమో. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. మాటలు చేరవేసే మనిషే వెళ్లి రోగి కుర్చీలో కూర్చుంటే ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేస్తారని ఆమె భయం. సారక్క చాటున ఉంటే ఆ భయం లేదు.

సారక్క పొద్దున బళ్లార్‌పూర్ బజారులో వంకాయలు అమ్మి, ఖాళీ తట్ట చంకన పెట్టుకుని బస్సెక్కి వచ్చేది. కోడి పొదిగిందని చెప్పేది. జ్యోతిలక్ష్మి దాన్ని మరాఠీలో, తాళం తీసేముందు నా తలుపు నేనే కొడతాను అని చెప్పేది. సారక్క మనవడి అల్లరి చెప్పి నవ్వేది. జ్యోతిలక్ష్మి, కంచం పెట్టుకోవడం మానేశాను, పొయ్యి దగ్గరే నిలబడి గిన్నెలో తినేస్తాను అని చెప్పేది.

ఆమె మరాఠీ మాట్లాడుతున్నంతసేపూ సారక్క తలొంచుకుని కొంగుతో కళ్లు తుడుచుకునేది. ముసలిదానికి శుక్లాలు ముదిరినట్టున్నాయి పాపం, అనుకునేది జ్యోతిలక్ష్మి.

తప్పని తెలుసు. ఈసారి చెప్పకూడదని మంగళవారం ఒట్టు పెట్టుకునేది. బుధవారం చెప్పేది. వారమంతా గోడలతో కాపురం చేసే మనిషికి ఆ కాసేపే ఊపిరి.

పోయిన వారం మేడం గట్టిగా చెప్పింది. "ఒక్క పూటైనా ఇంకొకరింట్లో, కింద కూర్చుని, కంచంలో తినాలి. మీకదే మందు."

"మోకాళ్లకు నూనె రాసుకోమంటున్నది," అంది జ్యోతిలక్ష్మి తెలుగులో.

"మంచిది బిడ్డా," అంది సారక్క.

ఈ బుధవారం గదిలో ఇంకో కుర్చీ వేసి ఉంది. అందులో కనకరాజు కూర్చున్నాడు. ట్రస్టుకు పెద్ద చందాలిచ్చే కాంట్రాక్టరు. ఉత్త ముచ్చట్లకు డబ్బు పెట్టడం దండగ కాదా, ఒకసారి కళ్లారా చూస్తానని వచ్చాడు. తెలుగువాడే. పుట్టి పెరిగింది ఇక్కడే కనక మరాఠీ కూడా మంచినీళ్ల ప్రాయం.

"నేనుంటె నీకేం తక్లీఫ్ లేదు గదా పెద్దమ్మా?" అన్నాడు.

"కూసో బిడ్డా. నాయేమన్న దాసుకునే ముచ్చట్లా?" అంది సారక్క.

జ్యోతిలక్ష్మి తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది. కనకరాజు రెండు చెవులకూ రెండు భాషలూ తెలుసు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. బుధవారం పోతే ఎక్కడ వెతుక్కుంటుంది?

మేడం సారక్కను చూసి నవ్వింది. "మరి, ఈ వారం ఎవరింట్లోనైనా తిన్నారా? ఇంకా నిలబడే తింటున్నారా?" అని మరాఠీలో అడిగింది.

అందరూ జ్యోతిలక్ష్మి వైపు చూశారు. ఉన్నదున్నట్టు తెలుగులో అడిగితే, నిలబడి తినే కర్మ నాకేంది అంటుంది సారక్క. మార్చి అడిగితే కనకరాజు పట్టేస్తాడు. జ్యోతిలక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి.

సారక్క తట్ట కింద పెట్టింది. జ్యోతిలక్ష్మి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని మేడం వైపు తిరిగింది.

"ఇంకా లేదు మేడం, కానీ ఈ ఆదివారం విసాపూర్‌లో ఒక ముసలామె అన్నానికి రమ్మంది, తప్పకుండా వెళ్తాను," అంది సారక్క, తేట మరాఠీలో.