తువాకి పళ్లు పోయాయి

స్టవాంగర్ శిశు ఆరోగ్య కేంద్రంలో నర్సు హెర్డిస్ టీకాలు దొంగిలిస్తోందని టోర్‌స్టైన్ తేల్చేసుకున్నాడు. కంప్యూటర్లో పిల్లల టీకా వివరాలు తప్పుల్లేకుండా చేయడానికి వచ్చిన అధికారి అతను. తప్పు దొరక్కపోతే అతనికి తిండి సయించదు. హెర్డిస్ ఎక్కించిన వివరాల్లో ఒక్క తప్పూ లేదు. అనుమానం అక్కడే మొదలైంది.

మచ్చుకి, నిన్న టీకా వేసినట్టు రాసున్న తువా అనే పాపని పిలిపించాడు. సాక్ష్యం పాడవుతుందని హెర్డిస్‌ని గది బయట కూర్చోబెట్టాడు.

"ఈ ఊళ్లో సగం మందికి సూది వేసిన చెయ్యి బాబూ ఇది," అందావిడ. "దొంగ చెయ్యి అంటున్నావు."

నేరం రుజువైతే ఆవిడకి ఉద్యోగంతోపాటు పరువూ పోతుంది.

తువాని తండ్రి ఐవిన్ నీలం రంగు పిల్లల బండిలో తీసుకొచ్చాడు. నడిసముద్రంలో చమురు బావి మీద అతని పని. ఇంట్లో ఉండేది తక్కువ. భార్య ఉద్యోగంలో చేరడంతో, పిల్లని చూసుకునే సెలవు అతనికి ఇవాళే మొదలైంది. దారిలో బేకరీలో కాఫీ తాగేసరికి, ఆ ఊరి అలవాటు ప్రకారం బయట వదిలిన బండిలో చలిగాలికి పిల్ల హాయిగా నిద్రపోయిందట.

టోర్‌స్టైన్ ఉన్ని బట్టలు తప్పించి చూశాడు. ఎడమ తొడ మీద సూది గుర్తు లేదు. కుడి తొడా నున్నగానే ఉంది. రెండు పళ్లు వచ్చినట్టు రాసుంది గానీ, వేలు పెడితే తగిలినవి చిగుళ్లే.

"దీనికి పళ్లుండాలే?"

"ఉన్నాయనే చెప్పింది మా ఆవిడ, ఫోన్లో," ఐవిన్ బుర్ర గోక్కున్నాడు. "పసిపిల్ల కదా సార్, వస్తుంటాయి, పోతుంటాయి."

బరువూ కిలో తక్కువే తూగింది. అంతా కల్పనే అని టోర్‌స్టైన్‌కి ఒకటే ఆనందం. కంప్యూటర్లో టీకా కొట్టేశాడు, పళ్లు తీసేశాడు, బరువు దించాడు. ఇప్పుడు బిడ్డకీ రికార్డుకీ వెంట్రుకవాసి తేడా లేదు. తృప్తిగా పోలీసులకి ఫోన్ చేయబోయాడు.

అంతలో ఇంకో కుర్ర తండ్రి అచ్చం ఐవిన్ బండిలాంటి నీలం బండే తోసుకుంటూ లోపలికొచ్చాడు.

"రికార్డులు దిద్దేది మీరేనటగా," అన్నాడు మొహమాటంగా. "బేకరీలో కాఫీ తాగి ఇంటికెళ్లేసరికి మావాడికి రెండు పళ్లొచ్చాయి, తొడ మీద సూది గుర్తొచ్చింది. అంతవరకూ సర్దుకున్నాను గానీ, ఆడపిల్ల కూడా అయిపోయాడు. కాస్త సరిచేసి పెడతారా?"