పదకొండు సెకన్ల మౌనం

పదకొండు సెకన్లంటే ఎక్కువేమీ కాదు, లిఫ్ట్ కోసం నిలబడినా అంతకంటే ఎక్కువే పడుతుంది, కానీ లైవ్‌లో ఒక మనిషి నోరు మెదపకుండా నిలబడితే మాత్రం చూసేవాళ్ళకే చెమటలు పడతాయి, అనుకుంటూ వెంకటేశప్ప ఫోన్లో ఎపిసోడ్‌ను మళ్ళీ వెనక్కి జరిపాడు. ఇది ఆరోసారి.

‘సూటిగా నవ్వు’ ప్రతి ఆదివారం మధ్యాహ్నం బెంగళూరు శివార్లలో చందాపుర దగ్గరి స్టూడియో నుంచి నేరుగా ప్రసారమయ్యే తెలుగు స్కిట్ల కార్యక్రమం. నాలుగేళ్ళుగా ప్రతి సోమవారం దాని మీద ఒక వెబ్‌సైట్‌కు మారుపేరుతో రివ్యూ రాస్తున్నాడు. సైట్ నడిపే శైలజకు కూడా అతని గొంతు తప్ప అసలు పేరు తెలీదు. మొదట్లో చూస్తూ నవ్వేవాడు. ఇప్పుడు జోకు వినగానే దాని ఎముకలు కనపడుతున్నాయి. నవ్వు రావలసిన చోట ఆవులింత వస్తోంది.

నిన్నటి స్కిట్లో ఇంటి ఓనరుగా వేసింది స్టాన్లీ. చీరాల మనిషి. అద్దెకొచ్చిన మనిషిగా వేసిన శశికళకు షరతులు చదివాడు. మాంసం వండకూడదు, చుట్టాలు రాకూడదు, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడకూడదు. “ఊపిరి పీల్చుకోవచ్చాండీ?” అని ఆమె అడిగింది. జనం నవ్వారు. స్టాన్లీ జవాబు చెప్పాలి. చెప్పలేదు. ఆ మౌనం కూడా స్కిట్లో భాగమేననుకుని ఇంకాస్త నవ్వారు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. చివరికి శశికళే, ఓనరు గారికి కరెంటు పోయినట్టుందని అతన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

స్టాన్లీ ఒకప్పుడు తాగేవాడు. మూడేళ్ళ కింద మానేశాడు. మానేసిన సంగతి కంటే తాగిన సంగతే అందరికీ బాగా గుర్తు.

ఆరిన బట్టలు తీసుకోవడానికి మేడ మీదికొచ్చిన హనుమక్క గుమ్మం దగ్గర ఆగింది. కింద ఇంటావిడ. అతను అద్దెకుంటున్న ఆ మేడగదికి ఓనరు.

“నిన్న మధ్యాన్నం నీ తలుపుకు బీగం ఉండాది. లేకుంటే మా టీవీ కాడికి పిలుస్తా ఉంటి. ఆయప్ప అట్ల నిలబడిపోతే నేనూ టీవీ ముందర లేసి నిలబడితి. తాగిండాడంట, నిజమా?”

తెలీదన్నాడు వెంకటేశప్ప.

“తాగినోడు ఊరికే నిలబడడప్పా. ఏందో ఒకటి వాగతానే ఉంటాడు. మా ఇంటాయన్ని నువ్వు చూసిండ్లా?”

ఆమె బట్టలు భుజాన వేసుకుని దిగిపోయింది. అతను వీడియోను ఆపి స్టాన్లీ ముఖం పెద్దది చేసుకున్నాడు. ఏదో ఒక తప్పు దొరకాలి. కళ్ళు ఎర్రబడి ఉండాలి, కాలు తడబడి ఉండాలి, కనీసం తల వంచుకునైనా ఉండాలి. ఆరుసార్లు వెతికినా ఏదీ దొరకలేదు. స్టాన్లీ కళ్ళు ఎడమ నుంచి కుడికి పోతున్నాయి. మళ్ళీ ఎడమకు వస్తున్నాయి.

శైలజ ఫోన్ చేసింది. నాలుగింటికి ఛానల్ వాళ్ళ మీటింగ్ ఉందనీ, స్టాన్లీని తీసేసే విషయం అక్కడే తేలుతుందనీ, వాళ్ళు తమ రివ్యూను తప్పకుండా చూస్తారనీ చెప్పింది. “‘మళ్ళీ మొదలుపెట్టాడు’ అని ఒక్క లైన్ పెట్టండి సార్. హెడ్డింగ్ కూడా అదే పెట్టేస్తా.”

“ఆయన తాగలేదమ్మా. చదవతా ఉండాడు.”

“ఏం చదువుతున్నాడు?”

ఆఖరి నిమిషంలో డైలాగు మారితే కెమెరా పక్కన తెల్ల బోర్డు మీద రాసి చూపిస్తారని, స్టాన్లీ దాన్నే చదవబోయి చదవలేకపోయాడని చెప్పాడు.

“బోర్డు అర్థం కాలేదని ఆయనా అన్నాడట. తాగినవాడికి ఏ బోర్డు అర్థమవుతుందని సెట్లో నవ్వారట. సరే, తప్పు బోర్డుదే అని రాస్తే, అది రాసిన మనిషి ఉద్యోగం పోతుంది. ప్రూఫ్ లేకుండా ఎలా సార్?”

రివ్యూ ఇంకా సగంలో ఉందని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

తెర మీద ఒక వాక్యం రాశాడు. ‘ఆదివారం స్టాన్లీ వేదిక మీద ఉన్నారు గానీ మనతో లేరు.’ చక్కగా కుదిరింది. అబద్ధమని ఎవరూ అనలేరు. ఇంత తేలిగ్గా కుదిరినందుకే కాసేపు దాని వైపు చూస్తూ కూర్చున్నాడు. ఒంట్లో అలసట ఎక్కడినుంచి మొదలైందో, ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదు. బోర్డు రాసే మనిషికి ఇంకో పని అంత సులువుగా దొరకదు. స్టాన్లీకి మాత్రం దొరుకుతుందా? తాగుబోతన్న ముద్ర పడ్డవాణ్ణి ఏ స్టూడియో లోపలికి రానిస్తుంది? మూడేళ్ళు మానేసినవాడికి, ఇక మానేసి ఏం లాభమన్న ఆలోచన రావడానికి ఎంతసేపు పడుతుంది?

ఆ వాక్యం చెరిపేసి మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు.

‘స్టాన్లీ మాట మరిచిపోలేదు. ఆ జవాబును యాడ్స్ వచ్చే రెండు నిమిషాల్లో మార్చారు. బోర్డు రాసిన మనిషి బెంగళూరులో పుట్టి కన్నడ బడిలో చదువుకున్న తెలుగువాడు. మన లిపి ముప్పై ఏళ్ళు దాటాక నేర్చుకున్నాడు. తొందరలో చెయ్యి చిన్నప్పటి అక్షరాల్లోకి పోయింది. మాట తెలుగే, రాసింది కన్నడ లిపిలో. ఇక్కడ పెరిగినవాళ్ళయితే గడగడా చదివేసేవాళ్ళు. చీరాల మనిషికి, లైట్ల వెలుగులో, పదిహేను అడుగుల దూరం నుంచి, అవి తెలిసినట్టే ఉండి తెలియని అక్షరాలు. స్కిట్ ముగియగానే బోర్డు తుడిచేశారు.’

పంపాడు. నిమిషంలో శైలజ నుంచి మెసేజ్ వచ్చింది. ‘సార్, ఇంత వివరంగా ఎవరు చెప్పారు? పేరు లేకుండా వేయలేను. టైం మూడూ నలభై.’

వెంకటేశప్ప ఫోన్‌ను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత జవాబు రాసి పంపాడు.

“ఆ బోర్డు రాసింది నేనే.”