డబ్బా కూర

“బాగుందమ్మా వినీతా,” అన్నాడు యేసుదాసు, కోడలి చేత ఇంకో గరిటె కూర వేయించుకుంటూ.

పులుసు గిన్నె తెస్తున్న జీవమ్మ వంటింటి గడప దగ్గరే ఆగిపోయింది. పెళ్లయి నలభై రెండేళ్లు. ఈ మనిషి నోటి నుంచి ఆ మాట ఆమె ఒక్కసారి కూడా వినలేదు. ఉప్పు తగ్గింది, పులుపు ఎక్కువైంది, కారం ఎవరి కోసం దాచిపెట్టినావు, ఇవే వింది. అలా వంకలు పెడుతూనే గిన్నె ఊడ్చేసేవాడు కాబట్టి ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. పైగా ఇరుగుపొరుగు ఆడవాళ్లకు ఆ వంకలు గొప్పగా చెప్పుకునేది. ఇప్పుడు కోడలు డబ్బా మూత కోసి చేసిన కూరేమో బాగుందట!

నెల కిందట యేసుదాసుకు మూతి కాస్త పక్కకు లాగితే నంద్యాల ఆసుపత్రిలో వారం రోజులు పెట్టుకుని పంపారు. ఉప్పు బాగా తగ్గించాలి, కూరగాయలు ఎక్కువ తినాలి అన్నాడు డాక్టరు. నంద్యాలలో టీచరుగా పనిచేసే వినీత, బడి వదిలాక ఆళ్లగడ్డ బస్సెక్కే ముందు సూపర్ మార్కెట్లో ఈ డబ్బాలు కొనుక్కొస్తోంది. కూరగాయలు కలిపిన టమాటా సాసు. అది ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి జీవమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు.

ఆమె పులుసు గిన్నె పొయ్యి గట్టు మీద పెట్టింది. తుడిచిన గట్టునే మళ్లీ తుడిచింది. పెరట్లోకి వెళ్లి, ఎందుకు వెళ్లిందో తెలియక తిరిగొచ్చింది. చెత్తబుట్టలోంచి ఖాళీ డబ్బా తీసి కోడలి ముందు పెట్టింది.

“టమాటాలు గంపలకు గంపలు దొరికే ఊర్లో డబ్బా టమాటాలు కొంటారా ఎవరన్నా?”

వినీత కోపం తెచ్చుకోలేదు. డబ్బా తిప్పి, దాని మీదున్న అక్షరాలు చూపిస్తూ పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పింది. టమాటాతో పాటు క్యారెట్, క్యాప్సికం, ఉల్లిగడ్డ అన్నీ ఇందులోనే ఉన్నాయి. పప్పులో వేసుకోవచ్చు, ఉప్మాలో కలుపుకోవచ్చు, కోడిగుడ్డు కూరకు మసాలా నూరే పనే లేదు. కొన్ని డబ్బాల్లో ఉప్పు కుమ్మరిస్తారు, వాటి జోలికి తను పోలేదు. ఉప్పు కలపలేదని రాసి ఉన్నవి వెతికి మరీ తెచ్చింది.

జీవమ్మ చెవికి ఇవేవీ ఎక్కలేదు. క్యారెట్ల సంగతి ఆమెకెందుకు? చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చుకోకుండా టమాటా వంకాయ పులుసు కాచింది. డాక్టరు మాట మీద ఉప్పు సగానికి సగం తగ్గించింది. ఆ పులుసు వైపు మొగుడు కన్నెత్తి చూడలేదు. ఈ ఒక్క రోజు కాదు, మూడు వారాలుగా ఇదే వరస. ఆమె ఏది వండినా సాయంత్రం తింటానంటాడు. సాయంత్రమైతే రేపంటాడు.

ఇంక ఆగలేక గిన్నె తెచ్చి అతని ముందు దించింది. యేసుదాసు దాన్ని మెల్లగా పక్కకు జరిపాడు.

“సాయంత్రం చూస్తాలే.”

“అత్త చర్చి నుంచి వచ్చినప్పటి నుంచి నిలబడి చేసింది మామా, ఒక్క ముద్దన్నా తిను,” అంది వినీత. అతను తల అడ్డంగా ఊపాడు.

ఆ డబ్బా కూరలో ఏముందో చూద్దామని జీవమ్మ గరిటె కొసకు తీసుకుని నాలుక మీద వేసుకుంది. ఉప్పు లేదు. కారం లేదు. ఏదో తియ్యతియ్యగా ఉంది. జ్వరం వచ్చినవాడికి కూడా ఎవరూ పెట్టరు. బనగానపల్లె పెళ్లిలో పప్పుకు ఉప్పు చాలలేదని విస్తరి ముందు నుంచి లేచొచ్చిన మనిషి ఇది మారు వేయించుకుంటున్నాడా!

అప్పుడు ఆమెకు నిజంగా భయమేసింది. ఇది కూర సంగతి కాదు. తన మీదే ఈయన మనసు విరిగింది. ఇన్నేళ్ల తర్వాత, ఈ వయసులో, ఏం తప్పు చేసిందో ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

అత్త ముఖం చూసి వినీత ఎంగిలి పళ్లేలు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. జీవమ్మ మొగుడి ఎదురుగా కూలబడింది.

“ఉన్నదున్నట్టు చెప్పయ్యా. నా చేతి కూడు పక్కకు నెట్టేంత పని నేనేం చేసినా? నేనంటే మొగం మొత్తిందా?”

యేసుదాసు పెరటి వైపు చూశాడు. పెరట్లో కొళాయి చప్పుడు వింటూ, కోడలికి వినపడదని నమ్మకం కుదిరాక గొంతు తగ్గించి చెప్పాడు.

“ఆసుపత్రి నుంచి వచ్చినకాడి నుంచి నా నాలుకకు ఏ రుచీ తెలీడం లేదు జీవమ్మా. డబ్బా కూర నేను ముందెప్పుడూ తిన్లేదు కాబట్టి ఎట్లో మింగేస్తాండా, నీ పులుసైతే నోట్లో పెట్టుకోంగానే నాకేం పోయిందో తెలిసిపోతాంది.”