ఇంతిమాక్ సంఘం మొదటి నియమం

"పేరు చెప్పండక్కా! ముందు ఆయన్ని పేరు పెట్టి పిలవండి, ఆయనన్నది తిరిగి చెప్పండి, ఆ తర్వాతే మీ జవాబు" అని బతిమాలింది బురులాయ్. అప్పటికిది మూడోసారి.

రొట్టెల ఆసిల్కాన్ టీ గిన్నె రెండు చేతులా పట్టుకుని కిటికీలోంచి కొండల్ని చూస్తూ, "ఆ టోపీ ఏమన్నదంటే..." అని మొదలుపెట్టింది.

గదంతా గొల్లున నవ్వింది. ఎదురుగా కూర్చున్న తొక్తోమాత్ తన తెల్ల ఫెల్టు టోపీ సర్దుకుని మీసాల చాటున నవ్వుకున్నాడు. బురులాయ్‌కి మాత్రం ఏడుపొచ్చినంత పనైంది.

రాక ఏం చేస్తుంది మరి? కిందటేడు మినీబస్సు పైవీధిలో ఆగాలా, కిందవీధిలో ఆగాలా అని నారిన్ కొండల్లోని ఈ ఊరు ఊరంతా కొట్టుకుంది. ఆఖరికి ఎవరో బస్సు స్టాపులో బల్లని ఎత్తి కాలవలో పడేశారు. ఈ జనానికి మర్యాదగా మాట్లాడుకోవడం నేర్పి రమ్మని ఇంతిమాక్, అంటే సఖ్యత, అనే పేరున్న సంఘం వాళ్ళు రాజధాని బిష్కెక్‌లో పుట్టి పెరిగిన బురులాయ్‌ని పంపించారు. ప్రతి గురువారం పాత గ్రంథాలయం గదిలో అందరికీ టీ. గిన్నె ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. ఎదుటివాళ్ళని గౌరవంగా పేరు పెట్టి పిలవాలన్నది మొదటి నియమం.

ఏడాది తిరిగేసరికి ఊరి తీరే మారిపోయింది. పశువుల సంతలో కూడా "మీరన్నది ఇదేనా అన్నా?" అని అడిగి మరీ తిట్టుకుంటున్నారు. అది చూసినప్పుడల్లా బురులాయ్‌కి కడుపు నిండిపోయేది.

కొరకరాని కొయ్యలు ఈ ఇద్దరే. ఆసిల్కాన్ కిందవీధి నాయకురాలు. మొగుడు పోయి ఆరేళ్ళైనా రొట్టెల పొయ్యి ఒక్కరోజు ఆరనివ్వని మనిషి. తొక్తోమాత్ పైవీధి పెద్ద. కాలవ నీళ్ళ వంతులు చూసి చూసి రిటైరైన ఒంటరివాడు. వసంతంలో ఇద్దరూ ఉప్పూ నిప్పూలా ఉన్నా, నియమం మాత్రం తప్పలేదు. "తొక్తోమాత్ గారూ, మీ తలలో ఉన్నది గొర్రె ఉన్ని అని నా అభిప్రాయం" అని ఆసిల్కాన్ ఎంత మర్యాదగా అనేదో!

ఆగస్టులో బురులాయ్ సెలవు పెట్టి నెలరోజులు ఇంటికెళ్ళింది. తిరిగొచ్చేసరికి కథ మొదటికొచ్చింది. ఆసిల్కాన్ నోట ఆయన పేరే రావడం లేదు. ఒక వారం "ఆ టోపీ", ఇంకో వారం "ఆ మీసాలు". పైగా ఇద్దరూ పక్షాలు కూడా మార్చేశారు. బస్సు కిందవీధిలోనే ఆగాలని ఆయన, కాదు పైవీధిలోనే ఆగాలని ఈవిడ! ఒకరు ఔనంటే రెండోవారు కాదనడమే వీళ్ళ పని కాబోలని బురులాయ్ తల పట్టుకుంది.

ఇవాళ సంవత్సరాంతపు సమావేశం. జిల్లా నుంచి జోల్దోష్‌బెక్ అనే అధికారి వచ్చి ముందు వరసలో కలం తీసి కూర్చున్నాడు. "ఈ ఇద్దరి గొడవ జిల్లా దాకా పాకింది. వీళ్ళు ఒకరినొకరు మర్యాదగా పేరు పెట్టి పిలుచుకుంటే ఈ గది ఇంకో ఏడాది మీదే. లేదంటే బంగాళాదుంపల గోదాము చేసేస్తాం" అని వస్తూనే తేల్చేశాడు.

తొక్తోమాత్ తన వంతు చక్కగా నెరవేర్చాడు. "ఆసిల్కాన్ గారూ, బస్సు పైన ఆగాలని మీరన్నారు. కాదనను. కానీ కింద ఆగితే మీ రొట్టెలు వేడివేడిగా అమ్ముడుపోతాయి కదా!" అన్నాడు. అధికారి తలూపి రాసుకున్నాడు.

ఆ తర్వాతే గిన్నె ఆసిల్కాన్ చేతికొచ్చింది. బురులాయ్ మూడుసార్లు బతిమాలినా ఆవిడ దారి ఆవిడదే.

"బస్సు కింద ఆగితే నా రొట్టెలు వేడిగా అమ్ముడుపోతాయని ఆ టోపీ అంది. మంచి మాటే. కానీ సంచులు మోసుకుని అంత ఎత్తు ఎక్కితే ఆ టోపీకి మాత్రం మోకాళ్ళు నొప్పెట్టవా? అందుకే పైనే ఆగాలి."

"మాట బాగుంది. పేరేదీ?" అన్నాడు అధికారి.

బురులాయ్ వెళ్ళి ఆసిల్కాన్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "అక్కా, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్కసారి. ఆయన మీద అంత కోపమా మీకు?"

"కోపమా? ఎందుకుంటుంది?"

"మరి వసంతంలో వందసార్లు పిలిచారుగా!"

"అప్పుడు పిలిచాను."

"ఇప్పుడేం వచ్చింది?"

ఆసిల్కాన్ తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక వరసలో ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటున్నారు. మాంసం కొట్టు ఎర్మెక్ నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తాడు.

అధికారి కలానికి మూత పెట్టేశాడు. "ఇక చాలమ్మాయ్. ఏడాది పాటు నేర్పావు, ఒక్క పేరు పలికించలేకపోయావు. బంగాళాదుంపల సంగతి చూసుకుంటాను" అంటూ లేచాడు.

బురులాయ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చూసి ఆసిల్కాన్ కంగారుపడిపోయింది. గిన్నె కింద పెట్టి, ఆ పిల్ల చెంపలు తుడిచి, "అయ్యో తల్లీ, నీకెవరూ చెప్పనేలేదా?" అంది. తర్వాత, పొయ్యి ముందు కూర్చున్నట్టు ఎర్రబడిన మొహంతో, అధికారికి కూడా వినబడేలా గొంతు పెంచింది.

"మొగుణ్ణి పేరు పెట్టి ఎవరైనా పిలుస్తారుటమ్మా?"